చెకుముకి తుపాకిలో స్క్రూ కదలడం లేదంటే అసలు ఏం జరిగినట్టు?

పాత చెకుముకి తుపాకి లాక్‌లో ఒక స్క్రూ బిగుసుకుపోయిందని పదిమందిని అడిగి చూడండి. నూనె పోసి వారం రోజులు వదిలెయ్యమని ఒకరంటారు. నూనె దండగ, వేడి చెయ్యమని ఇంకొకరు. వేడి చేస్తే స్ప్రింగు చచ్చిపోతుంది, చిన్న సుత్తితో తట్టమని మూడో ఆయన. వేడి నీళ్లు పోస్తే చాలు అని నాలుగో ఆయన అనగానే మిగతా ముగ్గురూ నవ్వుతారు, ఇనుము మీద నీళ్లేమిటని. తమాషా ఏమిటంటే నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి స్క్రూ వాళ్లకు అలాగే ఊడి వచ్చింది.

కాకపోతే ఆ నాలుగు స్క్రూలూ ఒకే కారణంతో బిగుసుకోలేదు. ఒకదానికి తుప్పు, ఒకదానికి ఎండిన నూనె, ఒకదానికి కాలిన మందు తాలూకు మసి, ఇంకొకదానికి వెనక నుంచి నెడుతున్న స్ప్రింగు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తిరగదు, అంతే. ఏది ఎందుకు బిగిసిందో తెలియకుండా అన్నిటికీ వైద్యం ఒక్కటే అని వాదించుకోవడం వల్లే ఇంత గందరగోళం.

లాక్ అంటే ఏమిటి, అందులో ఏ స్క్రూ ఏం చేస్తుంది

తుపాకిలో లాక్ అంటే తాళం కాదు, మందు అంటించే యంత్రం. గొట్టం వెనక భాగంలో, సాధారణంగా కుడి పక్క, కర్రలో తొలిచిన గుంటలో ఒక ఇనుప పలక కూర్చుంటుంది. దాన్ని లాక్ ప్లేటు అంటారు. దానికి బయటా లోపలా అమర్చిన భాగాలన్నీ కలిపితే లాక్. ఈ పద్ధతి 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఫ్రాన్స్‌లో రూపు దిద్దుకుంది. నార్మండీకి చెందిన మారిన్ లె బుర్జువా అనే పనివాడి పేరు దీనికి ముడిపెట్టి చెబుతారు. 1840లలో పెర్కషన్ క్యాప్ తుపాకులు, అంటే రాయి బదులు దెబ్బకు పేలే చిన్న మూతతో మందు అంటించేవి, యూరప్ సైన్యాల్లో దీన్ని పక్కకు నెట్టేదాకా రెండు వందల ఏళ్లు ఇదే చక్రం తిప్పింది.

బయట కనిపించే ప్రధాన భాగం కాక్. ఇంగ్లీషులో ఆ మాటకు కోడిపుంజు అని అర్థం. ముక్కుతో పొడవబోతున్న పుంజులాగే ఉంటుంది కూడా. దాని రెండు దవడల మధ్య చెకుముకి రాయిని తోలు ముక్కలో చుట్టి, పైనుంచి ఒక పెద్ద స్క్రూతో బిగిస్తారు. ట్రిగ్గర్ నొక్కగానే కాక్ ముందుకు దూకి, రాయి ఫ్రిజెన్ అనే ఉక్కు ముఖాన్ని గీరుతుంది. ఆ దెబ్బకు ఫ్రిజెన్ తెరుచుకుంటుంది, దాని కింది పళ్ళెంలో ఉన్న చిటికెడు మందు మీద నిప్పురవ్వలు రాలుతాయి. పళ్ళెంలో లేచిన మంట గొట్టం పక్కనున్న చిన్న బెజ్జం గుండా లోపలి మందుకు అంటుకుంటుంది.

లోపలి వైపు కాక్‌ను తిప్పే టంబ్లర్, దాన్ని నెట్టే మెయిన్ స్ప్రింగు, టంబ్లర్‌ను పట్టి ఆపే సియర్, దానికో చిన్న స్ప్రింగు, వీటన్నిటి మీద కళ్లెంలా అడ్డంగా ఉండే బ్రైడిల్ అనే చిన్న పట్టీ ఉంటాయి. ఒక లాక్‌లో ఎనిమిది నుంచి పది దాకా స్క్రూలు ఉండడం మామూలే. ఇవి కాక లాక్ మొత్తాన్ని కర్రకు పట్టి ఉంచే పొడవాటి స్క్రూలు ఒకటో రెండో మూడో ఉంటాయి. అవి తుపాకి ఎడమ పక్క నుంచి కర్రలో దూరి వచ్చి లాక్ ప్లేటులో మర బిగుస్తాయి.

ఈ స్క్రూ పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు కదా?

ఇప్పుడు తయారయ్యే నకళ్లలో, అంటే ఈ కాలపు ఫ్లింట్‌లాక్‌లలో (చెకుముకి తుపాకికి ఇంగ్లీషు పేరు అది), చాలావరకు తెచ్చుకోవచ్చు. అసలైన పాత తుపాకిలో కుదరదు. ఎందుకో తెలియాలంటే ఆ స్క్రూ పుట్టిన తీరు చూడాలి.

ఫ్లింట్‌లాక్ ఏలిన కాలంలో స్క్రూలకు ప్రామాణిక కొలతలు లేవు. ఇంగ్లండ్ ఇంజనీరు హెన్రీ మాడ్‌స్లే స్క్రూలు కోసే లేత్ యంత్రాన్ని పనికొచ్చే స్థాయికి తెచ్చింది 1800 ప్రాంతంలో. అదే దేశపు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ మర చుట్లకు ఒక ప్రమాణం ప్రతిపాదించింది 1841లో. అప్పటికి ఫ్లింట్‌లాక్ శకం ముగింపుకొచ్చేసింది. అంతవరకు ఏ తుపాకి పనివాడి దగ్గర ఉన్న మర పలక వాడిదే. గట్టి ఉక్కు పలకలో మర చుట్లున్న బెజ్జాలు ఉంటాయి. మెత్తని ఇనుప కడ్డీని అందులో దూర్చి తిప్పితే చుట్లు పడతాయి. అది లోహాన్ని కోయడం కన్నా నొక్కి మలచడమే ఎక్కువ. పక్క వీధిలో పనివాడి పలక అరిగిన తీరు వేరు, కాబట్టి వాడి స్క్రూ వీడి బెజ్జంలో కూర్చోదు. అంతదాకా ఎందుకు, ఒకే లాక్‌లో ఒక స్క్రూ ఇంకో బెజ్జంలో సరిగ్గా పట్టదు. అందుకే పాత లాక్ విప్పితే స్క్రూల మీద, భాగాల మీద ఆకురాయి గీతలో చుక్కలో కనిపిస్తాయి. ఏ స్క్రూ ఏ బెజ్జానిదో గుర్తుపెట్టుకోవడానికి పనివాడు వేసుకున్న లెక్క అది.

ఇది ఎంత మామూలు విషయమో తెలియాలంటే 1785లో పారిస్‌లో జరిగినది చూడండి. ఒనొరే బ్లాంక్ అనే ఫ్రెంచి తుపాకి పనివాడు 50 లాక్‌ల భాగాలను విడదీసి, గళ్లు గళ్లుగా సర్ది, అప్పుడు ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్‌కు చూపించాడు. చేతికొచ్చిన భాగాన్ని తీసుకుని జెఫర్సన్ స్వయంగా కొన్ని లాక్‌లు బిగించాడు. అన్నీ చక్కగా అమరాయి. ఆయన ఆశ్చర్యపోయి ఆ సంగతి వివరంగా అమెరికాకు ఉత్తరం రాశాడు. ఒక లాక్ భాగం ఇంకో లాక్‌లో పట్టడం ఆ రోజుల్లో దేశం దాటించి చెప్పుకోవాల్సిన వింత అన్నమాట.

కాబట్టి పాత లాక్‌లో స్క్రూ విరిగితే పోయేది పైసల స్క్రూ కాదు. ఆ బెజ్జానికి లోకంలో ఉన్న ఒకే ఒక్క జోడీ పోతుంది.

బిగుసుకోవడంలో రకాలు

మొదటిది మసి. ఫ్లింట్‌లాక్‌లో వాడేది సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన మందు. స్థూలంగా 75, 15, 10 పాళ్లు. (రంగును బట్టి దాన్ని నల్లమందు అనబోయి ఆగాను. తెలుగులో ఆ మాటకు అర్థం వేరే ఉంది కదా. తుపాకిమందు అనే అందాం.) ఈ మందు కాలినప్పుడు బరువులో సగానికి పైగా వాయువుగా మారకుండా ఘనపదార్థంగా మిగులుతుంది. అందులో పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్ లాంటి లవణాలుంటాయి. పొటాషియం కార్బొనేట్‌కు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. కాల్చిన రోజు పొడిగా బూడిదలా ఉన్న మసి మర్నాటికి జిగురవుతుంది, ఆ తర్వాత ఎండి సిమెంటులా పట్టేస్తుంది. ఈ లవణాలు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. వేడి నీళ్ల ఆయన గెలిచింది ఇక్కడే. మసితో బిగిసిన స్క్రూకు మామూలు నూనె పోస్తే మసీ నూనే కలిసి తారులా తయారై, ఉన్న చిక్కు ఇంకాస్త పెరుగుతుంది.

రెండోది ఎండిన నూనె. అవిసె నూనె లాంటివి గాలి తగిలిన కొద్దీ గట్టిపడి పొరకడతాయి. కర్రకు మెరుగు పెట్టడానికి వాడేది అందుకే. ఏ కాలంలోనో ఎవరో లాక్‌కు అలాంటి నూనె రాసి ఉంటే, కొన్ని దశాబ్దాలు గడిచేసరికి అది మర చుట్ల మధ్య వార్నిష్ అయి కూర్చుంటుంది. దీనికి నీళ్లు పనిచేయవు. ఆల్కహాల్, అసిటోన్ లాంటివి పొరను మెత్తబరుస్తాయి, కొద్దిపాటి వెచ్చదనమూ సాయం చేస్తుంది.

మూడోది తుప్పు. అందరూ మొదట అనుమానించేది దీన్నే. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది. మామూలుగా రెండు రెట్లకు పైమాటే. స్క్రూకు, బెజ్జానికి మధ్య వెంట్రుక పట్టని సందు ఉంటుంది. అక్కడ పుట్టిన తుప్పుకు పెరిగే చోటు లేదు. దాంతో రెండు వైపులా నెట్టి బిగిస్తుంది. ఇది అంటుకోవడం కన్నా ఇరుక్కోవడం అంటే సరిపోతుంది. మసి మిగిల్చిన లవణాలు తేమను పట్టి ఉంచుతాయి కాబట్టి మొదటి రకం పట్టించుకోకపోతే అదే మూడో రకంగా మారుతుంది.

నాలుగోది చాలామంది మర్చిపోయేది. స్క్రూ అసలు అంటుకోనే లేదు, దాని మీద భారం ఉంది. మెయిన్ స్ప్రింగు బిగిసి ఉన్నంతసేపు అది టంబ్లర్‌ను నెడుతుంది, ఆ ఒత్తిడి బ్రైడిల్ మీదా దాని స్క్రూల మీదా పడుతుంది. సియర్ స్క్రూ పరిస్థితీ అంతే. స్ప్రింగును ప్రత్యేకమైన చిన్న బిగింపు పనిముట్టుతో నొక్కి పక్కకు తీసేస్తే, అప్పటిదాకా మొండికేసిన స్క్రూ వేళ్లతో తిరిగిపోయిన సందర్భాలున్నాయి. వంగిన స్క్రూ, ఎప్పుడో ఎవరో తప్పు బెజ్జంలో బలవంతంగా తోసిన స్క్రూ కూడా ఈ కోవకే వస్తాయి. వీటికి ఏ నూనె పోసినా లాభం ఉండదు.

ఏ రకమో చేతికి కొంత తెలుస్తుంది. రబ్బరులా కాస్త సాగినట్టు కదిలి మళ్లీ వెనక్కి వస్తే ఎండిన నూనె అయ్యుండొచ్చు. అసలు చలనమే లేకుండా ఉండి, ఒక్కసారి టక్కుమని వదిలి ఆ తర్వాత కరకరలాడుతూ తిరిగితే తుప్పు. అర చుట్టు హాయిగా తిరిగి ఒకే చోట పదే పదే ఆగిపోతుంటే వంగిన స్క్రూనో, చెడిన మర చుట్టో. పళ్ళెం పక్కనున్న స్క్రూ నల్లగా, తేమగా కనిపిస్తే మసి. ఇవి సూచనలే. ఒకే స్క్రూలో రెండు మూడు రకాలు కలిసి ఉండడం కూడా సాధారణమే.

అసలు ఓడిపోయేది గాడి

మర చుట్ల గురించి ఇంత మాట్లాడుకుంటాం కానీ, పాడయ్యేది చాలావరకు స్క్రూ తల మీది గాడి. పాత స్క్రూల గాడిని చేత్తో, సన్నగా కోసేవారు. ఇప్పుడు ఇళ్లలో ఉండే స్క్రూడ్రైవర్ బ్లేడు చివర సన్నగా, పైకి పోయేకొద్దీ లావుగా ఉంటుంది. అది సన్నని గాడి అడుగుకు దిగదు. పై అంచుల దగ్గరే ఇరుక్కుంటుంది. తిప్పినప్పుడు బలమంతా ఆ రెండు పలచటి అంచుల మీదే పడుతుంది. పైగా ఏటవాలు బ్లేడు తిప్పుతున్న కొద్దీ గాడిలోంచి పైకి ఎగదన్నుతుంది.

ఒక లెక్క చూద్దాం. స్క్రూ తల 8 మి.మీ. వెడల్పు అనుకోండి. మనం వేసే మెలి 2 న్యూటన్ మీటర్లు. అంటే 20 సెం.మీ. పొడవున్న కర్ర చివర కిలో బరువు వేలాడదీసినంత. బలం బ్లేడు రెండు కొసల దగ్గరే పడుతుందనుకుంటే, గాడి మొత్తాన్ని నింపే 8 మి.మీ. బ్లేడుతో ఒక్కో కొస దగ్గర సుమారు 250 న్యూటన్లు, అంటే 25 కిలోల బరువంత నెట్టు. అదే మెలి 4 మి.మీ. బ్లేడుతో వేస్తే ఒక్కో కొస దగ్గర 500 న్యూటన్లు, 50 కిలోల బరువంత. చెయ్యి పెట్టిన బలం మారలేదు. గాడి మోసిన భారం మాత్రం రెట్టింపయింది. అందులోనూ బ్లేడు అడుగు దాకా దిగకపోతే ఆ భారాన్ని మోసే లోహం గీతంత.

అందుకే తుపాకి పనివాళ్లు స్క్రూడ్రైవర్‌ను ఆకురాయితో ఆ గాడికి సరిపడేలా అరగదీసుకుంటారు. బ్లేడు రెండు ముఖాలూ సమాంతరంగా ఉండి, గాడి అడుగుకు ఆనాలి. వెడల్పు తల వెడల్పుకు సమానంగా ఉండి, పక్కలకు పొడుచుకురాకూడదు. ఇంతచేస్తే సగం స్క్రూలు నూనె అవసరం లేకుండానే వస్తాయని పాతకాపులు అంటారు. సగమో కాదో గానీ, నాకు బుద్ధి వచ్చింది మాత్రం ఇక్కడే. డబ్బాలో చేతికందిన స్క్రూడ్రైవర్‌తో ఒక ఫ్రిజెన్ స్క్రూను తిప్పబోయాను. బ్లేడు జారిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. చూస్తే గోధుమరంగు తల మీద, గాడి అంచున, నెలవంకలా తెల్లగా మెరుస్తున్న కొత్త లోహం. తల కన్నా పొడుచుకొచ్చిన బ్లేడు కొస పక్కనున్న ప్లేటు మీద కూడా ఒక గీత గీసి పోయింది. స్క్రూ మాత్రం ఉన్నచోటే ఉంది.

స్క్రూ ఎక్కడుంది అన్నది సగం సమాధానం

కాక్ దవడల స్క్రూ అన్నిటికన్నా దయగలది. పెద్దది, రాయి మార్చిన ప్రతిసారీ తిరుగుతూనే ఉంటుంది. చాలావాటికి తలలో అడ్డంగా బెజ్జం కూడా ఉంటుంది, అందులో కడ్డీ దూర్చి తిప్పొచ్చు.

ఫ్రిజెన్ ఇరుసు స్క్రూ పళ్ళెం పక్కనే ఉంటుంది కాబట్టి మసి దెబ్బ దానికే ఎక్కువ. కాకపోతే ఒక సుగుణం ఉంది. చాలా లాక్‌లలో దాని కొస ప్లేటు లోపలి వైపుకు కనిపిస్తుంది. నీళ్లయినా నూనెయినా తల వైపు నుంచీ కొస వైపు నుంచీ ఎక్కించే వీలుంటుంది.

కాక్‌ను టంబ్లర్‌కు బిగించే స్క్రూతో ఒక వింత చిక్కుంది. తుపాకిని కుడి పక్క నుంచి చూస్తే గొట్టం మూతి మన కుడి చేతి వైపు ఉంటుంది. కాక్ ముందుకు పడేటప్పుడు గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. స్క్రూ విప్పేది దానికి ఎదురు దిశలో. స్క్రూ వదలకపోతే మన మెలి నేరుగా టంబ్లర్‌కు పోయి కాక్ వెనక్కి లేస్తుంది, అంటే మనకు తెలియకుండానే తుపాకిని ఎక్కుపెడుతున్నాం. ఇంకా తిప్పితే ఆ భారం కాక్‌ను ఆపే లోపలి భాగాల మీద పడుతుంది. కాక్‌ను విడిగా పట్టి ఉంచకుండా ఈ స్క్రూ మీద బలం పెడితే విరిగేది స్క్రూ కాకపోవచ్చు. స్క్రూ ఊడినా కాక్ ఊడాలని లేదు. అది టంబ్లర్ మీది చదరపు కొసకు బిగుతుగా కూర్చుని ఉంటుంది, అదింకో కథ.

కర్రలోంచి వచ్చే పొడవాటి స్క్రూలది వేరే లోకం. వాల్‌నట్ లాంటి కర్రలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లటి మరక పుట్టిస్తాయి. స్క్రూ కాండం తుప్పుతో ఉబ్బి కర్రను పట్టేస్తుంది. ఇక్కడ ధారాళంగా నూనె పోస్తే కర్ర పీల్చేసుకుని మెత్తబడుతుంది, వేడి చేస్తే కర్ర మాడుతుంది. అందరూ మెచ్చుకునే రెండు వైద్యాలూ ఈ ఒక్క చోట అపథ్యమే.

నూనె గురించిన వాదం

తుప్పు పట్టిన స్క్రూలకు వాడే చొచ్చుకుపోయే నూనెల పని చాలా పలచగా ఉండి, సన్నని సందుల్లోకి తమంతట తాము పాకడం. దీపం వత్తి నూనెను పైకి లాగే సూత్రమే. తుప్పు గుల్లగా ఉంటుంది కాబట్టి కొంత దారి దొరుకుతుంది. వారం ఆగమనేది అందుకే. నిమిషంలో పాకే దూరం చాలా తక్కువ.

డబ్ల్యూడీ-40 అందరికీ తెలిసిన పేరు. అది 1953లో పుట్టింది. పేరులో డబ్ల్యూడీ అంటే నీటిని తప్పించేది అని అర్థం, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన మిశ్రమం. అంటే దాని అసలు ఉద్యోగం తేమను తరిమి తుప్పును ఆపడం. బిగిసిన స్క్రూను వదిలించడం దానికి అదనపు బాధ్యత. అందుకే ఆ పనికి ప్రత్యేకంగా చేసిన నూనెలే మేలని కొందరంటారు. అసిటోన్, ఆటోమేటిక్ గేర్ నూనె చెరిసగం కలిపిన ఇంటి మిశ్రమానికి వీరాభిమానులున్నారు. ఆ రెండూ సరిగా కలవవు, విడిపోతూనే ఉంటాయి, అసిటోన్ కర్ర మెరుగును ఊడగొడుతుంది అనేది ఎదుటి పక్షం మాట. రెండు మాటల్లోనూ నిజముంది. లాక్‌ను కర్రలోంచి తీసి విడిగా పెట్టుకున్నాక వాడేవాళ్లకు మెరుగు గొడవ లేదు.

నూనె మీద ఉన్న బలమైన విమర్శ ఇంకోటుంది. స్క్రూ తల ప్లేటుకు గట్టిగా ఆనుకుని ఉంటే నూనె మర చుట్ల దాకా పోనేపోదు, తల చుట్టూ ఆగిపోతుంది. వారం తర్వాత స్క్రూ వచ్చిందంటే నూనె వల్లో, ఆ వారంలో ఓపిక పెరిగి సరైన స్క్రూడ్రైవర్ తెచ్చుకోవడం వల్లో చెప్పడం కష్టం.

వేడి చేస్తే బెజ్జం పెద్దదవుతుందా, చిన్నదవుతుందా?

వాదాల్లో ఎక్కువ తికమక పడేది ఇక్కడే. ప్లేటు వేడెక్కితే లోహం అన్ని వైపులా వ్యాకోచిస్తుంది కాబట్టి బెజ్జం మూసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బెజ్జం కూడా పెద్దదే అవుతుంది, అక్కడ బెజ్జం బదులు అదే లోహం ఉంటే ఎంత పెరిగేదో అంత.

అంకెలు చూద్దాం. ఉక్కు ఒక డిగ్రీ సెల్సియస్‌కు ప్రతి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 5 మి.మీ. స్క్రూ 150 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 9 మైక్రాన్లు లావెక్కుతుంది. తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, దానిలో ఎనిమిదో వంతు. స్క్రూ, ప్లేటు రెండూ సమానంగా వేడెక్కితే రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి, సందు దాదాపు అలాగే ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ కొసను స్క్రూ తల మీద పెట్టి స్క్రూను 150 డిగ్రీలు వేడెక్కిస్తే, ఈలోగా ప్లేటు 50 డిగ్రీలే వేడెక్కిందనుకోండి. స్క్రూ 9 మైక్రాన్లు పెరుగుతుంది, బెజ్జం 3. అంటే వేడి మీద స్క్రూ ఇంకా బిగుస్తుంది! మరి ఎందుకు పనిచేస్తుంది? ఆ 6 మైక్రాన్ల నొక్కుడుకు మధ్యలోని తుప్పు నలిగి పగులుతుంది. చల్లారాక స్క్రూ వెనక్కి తగ్గుతుంది, పగుళ్లలోకి నూనెకు దారి దొరుకుతుంది. అందుకే వేడి మీద కాదు, చల్లారాక తిప్పితేనే వస్తుందని కొందరు ఒట్టేసి చెబుతారు. ఎండిన నూనెదైతే తిరగేసి చూడాలి. అది వేడి మీదే మెత్తగా ఉంటుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది.

వేడికి ఎదురు చెప్పేవాళ్ల వాదనకూ బలముంది. లాక్ స్ప్రింగుల శక్తి అంతా కాల్చి, చల్లార్చి వాటికి పెట్టిన పదునులో ఉంది. శుభ్రమైన ఉక్కును వేడి చేస్తే 220, 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగు, 300 దగ్గర నీలం తేలుతుంది. అవి బాగా దాటి పోతే స్ప్రింగు స్ప్రింగుగా మిగలదు. ప్లేటు, టంబ్లర్, ఫ్రిజెన్ ముఖం లాంటివాటికి పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటుంది. గ్యాస్ టార్చి మంట ఈ తేడాలు చూడదు. సోల్డరింగ్ ఐరన్‌నూ టార్చినీ రెండింటినీ కలిపి వేడి అనే ఒకే మాటతో పిలవడం వల్ల సగం గొడవ.

ఇంకో మాట, ఇది వాదం కాదు. పాత తుపాకుల్లో మందు, గుండు దట్టించి అలాగే వదిలేసినవి ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. పొడిగా ఉంటే ఆ మందు వందేళ్లయినా చావదు. దట్టించే కర్రను గొట్టంలో అడుగుదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటకు తీసి గొట్టం పక్కన పెట్టి చూస్తే అది మంట దూరే బెజ్జం దాకా చేరిందో లేదో తెలుస్తుంది. చేరలేదంటే లోపల ఏదో ఉంది. అది తేలేదాకా ఆ తుపాకి దగ్గర వేడి, నిప్పు, సుత్తి అనే ఊసే రాకూడదు, పని తెలిసినవాళ్ల చేతికి పోవాల్సిందే.

తట్టడం, ముందు బిగించడం

స్క్రూ తల మీద సరైన బ్లేడు పెట్టి చిన్న సుత్తితో టకటకా తట్టడంలో ఉద్దేశం బలం కాదు, అదురు. తుప్పు గట్టిదే కానీ పెళుసు, అదురుకు పగులుతుంది. పాత చేత ఇనుము అలా కాదు, దానిలో లోహపు మడ్డి పోగులు పోగులుగా ఉంటుంది, దెబ్బకు కన్నా మెలికి తొందరగా లొంగిపోతుంది. అందుకే మెలి పెంచడం కన్నా అదురు మంచిదని ఒక పక్షం అంటుంది. ప్లేటు అడుగున గట్టి ఆధారం లేకుండా తడితే ప్లేటు వంగుతుందని రెండో పక్షం. నాకు రెండోది మొదటిదానికి జవాబులా కాక, దానికి షరతులా కనిపిస్తుంది.

విప్పే ముందు కొంచెం బిగించి చూడమనే సలహా కూడా తరచూ వినిపిస్తుంది. తుప్పు పట్టును తెంచడానికి ఏ దిశ అయినా ఒకటే అనేది దాని తర్కం. కానీ తల అప్పటికే ప్లేటుకు ఆనుకుని ఉంటే బిగించే దిశలో కదలడానికి చోటే లేదు, గాడి ఓపిక వృథాగా ఖర్చవుతుంది. తల కింద సందు ఉన్న ఇరుసు స్క్రూలకు ఇది ఎక్కువ నప్పుతుంది.

తల తెగిపోతే

ఇక్కడి నుంచి దారులు ఇరుకవుతాయి. మొండెం బయటకు కాస్త ఉంటే కొత్త గాడి కోయొచ్చు. లేకపోతే మధ్యలో బెజ్జం చేసి, ఎడమ మర తిప్పే ఎక్స్‌ట్రాక్టర్‌తో లాగడం అందరికీ తోచే ఉపాయం. తుపాకి పనివాళ్లు దీనికి జడుస్తారు. ఆ పనిముట్టు చాలా గట్టి, పెళుసు ఉక్కు. ఇంత చిన్న స్క్రూలో అది కూడా విరిగితే, దాన్ని మామూలు డ్రిల్లు కోయలేదు. అప్పుడు విద్యుత్ రవ్వలతో లోహాన్ని తినేసే యంత్రం ఉన్న వర్క్‌షాపుకు పోవాలి. ఎడమ వైపు తిరిగే డ్రిల్ కొంత నయం. కోసే దిశ, విప్పే దిశ ఒకటే కాబట్టి కోస్తుండగానే మొండెం తిరిగి బయటకు వచ్చేయడం కద్దు.

గడియారాల పనివాళ్లను చూసి పటిక నీళ్లలో వేద్దామనేవాళ్లున్నారు. ఇత్తడి పలకలో విరిగిన ఉక్కు స్క్రూను పటిక ద్రావణం మెల్లగా తినేస్తుంది, ఇత్తడిని వదిలేస్తుంది. లాక్‌లో స్క్రూ ఇనుమే, ప్లేటూ ఇనుమే. పటికకు తేడా తెలియదు.

అసలు విప్పాలా అనే ప్రశ్న

నకలు తుపాకితో కాల్చేవాళ్లకు ఈ ప్రశ్న లేదు. కాల్చిన ప్రతిసారీ మసి కడగాలి, స్క్రూ పోతే తయారీదారు దగ్గర ఇంకోటి దొరుకుతుంది, డ్రిల్ చేయడం నేరం కాదు. మ్యూజియంలో వస్తువులు కాపాడేవాళ్ల లెక్క దీనికి నేరుగా ఎదురు. కదలని స్క్రూ వాళ్లకు లోపం కాదు, ఆ వస్తువు ఉన్న స్థితి. తుప్పు ఇంకా పెరగకుండా తేమను అదుపులో పెట్టి, స్క్రూను అలాగే ఉంచేస్తారు. వెనక్కి తీసుకోలేని పని చేయకూడదన్నది వాళ్ల మొదటి నియమం.

సేకరించేవాళ్లు మధ్యలో ఇరుక్కుంటారు. లోపల పెరుగుతున్న తుప్పును చూడాలంటే విప్పాలి, విప్పితే గాడి పోవచ్చు. కొనేవాళ్లు లాక్‌లో ముందు చూసేది స్క్రూ తలలనే. నలిగిన గాడి కనిపిస్తే లోపల కూడా ఎవరో చేతకాని చెయ్యి పెట్టారని అర్థం చేసుకుంటారు. అలాగని నిగనిగలాడే కొత్త స్క్రూ పెట్టినా వెంటనే దొరికిపోతారు.

నలిగిన గాడిని బాగుచేసే పద్ధతి ఒకటుంది. పక్కకు పొర్లిన లోహాన్ని తీసేయరు. నున్నటి ముఖమున్న బుల్లి సుత్తితో దాన్ని మెల్లమెల్లగా గాడి వైపుకే తిరిగి నెడతారు, తర్వాత సన్నని ఆకురాయితో గాడిని మళ్లీ దిద్దుతారు. నా ఫ్రిజెన్ స్క్రూకు అదే చేశారు. అది చివరికి వేడి నీళ్లకు వదిలింది, మసే. నెలవంక ఇప్పుడు కనిపించదు. ప్లేటు మీది గీత మాత్రం వెలుతురు పక్క నుంచి పడితే ఇంకా కనిపిస్తుంది.